జోడు తప్పిన ఇరుసులు

ఎడ్లబండి ఇరుసు తిరుగదు. దానిపై చక్రములు రెండును వేర్వేరుగా తిరుగును గనుక మలుపునందు వెలుపలి చక్రము అధికదూరము పరుగిడినను బండికి బాధ లేదు. యంత్రబలముచే ఇరుసునే త్రిప్పవలసి వచ్చినపుడే చిక్కు పుట్టినది. ఫ్రాన్సు దేశీయుడగు ఒనెసిఫోర్ పెక్కర్ ఆవిరిబండి నిమిత్తము 1828లో హక్కుపత్రము పొందిన డిఫరెన్షియల్ ఆ చిక్కును విప్పినది.

ఇట్టి డిఫరెన్షియల్ ముందువెనుక ఇరుసులు రెండింటను గల జీపుతో వరంగల్లు సీమకు పని యెట్లు పడినదో ముందు చూతము. 2016 అక్టోబరు 11వ తేదీన వేర్వేరు జిల్లాలై విడివడుటకు పూర్వము జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమలు మూడును వరంగల్లు జిల్లాలోనివే. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను నెలకొల్పునాటికే జనగామకును, జనులు నేటికిని మానుకోట యని పిలుచు మహబూబాబాదుకును రైలు కలదు. పట్టాలు చేరని భూపాలపల్లి వైపు అడవిబాటలకు మాత్రము, వానకాలపు బురదలో నాలుగు చక్రములును లాగు జీపు వంటి వాహనమే తగియుండెను.

ఆ జీపు మన దేశమున రెండు మార్గముల వ్యాపించినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము మిగులు సైనికజీపులు అమ్మకమునకు వచ్చి పౌరుల చేతబడినవి. 1947లో మహీంద్రా వారు విల్లీస్ సంస్థ పౌరజీపు విడిభాగములను తెప్పించి బొంబాయిలో కూర్ప మొదలిడిరి. చూపునకు రెండును ఒక్కతల్లి బిడ్డలే. ముందు ఇరుసు రెండింటను డానా 25 జాతిదే గనుక ఒకదాని క్రౌను పీనియనులు (ఇరుసును త్రిప్పు పెద్ద, చిన్న పళ్లచక్రములు) మరొకదానిలో ఇముడును కూడ. మోసమంతయు అందే యున్నది. సైనికజీపునందు పీనియనుకు 8 పళ్లు, క్రౌనుకు 39; పౌరజీపునందు పీనియనుకు 8, క్రౌనుకు 43. వెనుక 43 పళ్ల క్రౌనుండగా ముందు 39 పళ్లది వేసినచో, నాలుగు చక్రముల గేరు పడినంతనే ముందు చక్రములు వెనుకవానికంటె నూటికి పది వంతులు వేగముగా తిరుగజూచును. బురదలో జారుటచే ఈ వైరము కొంత మరుగుపడును. ఎండిన తారురోడ్డుపై మాత్రము టైర్లు అరుగును, ప్రొపెల్లర్ షాఫ్టులు మెలిపడును, తుదకు ఏదో ఒక గేరు పళ్లు రాలును.

ఇరుసును విప్పకయే దీనిని కనిపెట్టవచ్చును. గేరును న్యూట్రలులో నుంచి, ఒక చక్రమును నేలపై కదలనీయక, రెండవదానిని జాకీతో లేపి, సుద్దతో గుర్తు పెట్టి సరిగా రెండు చుట్లు త్రిప్పినచో, ప్రొపెల్లర్ షాఫ్టు సైనికజీపునందు ఐదింటికి పరక తక్కువగాను, పౌరజీపునందు ఐదుంబావు మీద పరకగాను తిరుగును. దశాంశములకంటె ఈ పరకల లెక్కయే నాకు సుఖముగా తోచుచున్నది.

పళ్లు లెక్కించినంత మాత్రమున పని తీరదు, క్రౌనును మోయు డిఫరెన్షియల్ కేసును కూడ చూడవలెను. క్రౌను పళ్లకును పీనియను పళ్లకును గల నిష్పత్తి పెరిగినకొలది పీనియను తల చిన్నదగును గనుక, దానిని అందుకొనుటకు క్రౌను కొంత దగ్గరకు జరుగవలెను. అందుచే కేసుపై క్రౌను కూర్చుండు అంచు స్థానమే మారును. వెనుక ఇరుసుగా ప్రసిద్ధమైన డానా 44లో 3.73, అంతకు తక్కువ నిష్పత్తులకు ఒక కేసు; 3.92, అంతకు ఎక్కువైనవానికి వేరొకటి. జీపు నిష్పత్తులు 4.88, 5.38 రెండును ఈ హద్దు కావలివే గనుక మనవారికి ఈ గండము తరచుగా రాదు.

వచ్చు గండము వేరు. క్రౌను పీనియనులు కార్ఖానాలో ఒకదానితో నొకటి రాపాడించి జతపరుపబడును. రెండింటిపైనను ఒకే సంఖ్య చెక్కబడియుండును. ఈ జత చెడగొట్టి, ఒక్క పీనియనును మాత్రము మార్చిన బండి ఊరు దాటకముందే క్రౌను సౌండు మొదలిడును. సరియైన జత దొరకినను, పలుచని షిమ్ములు చేర్చుచు తీయుచు, పళ్ల నడుమ సందు అంగుళములో వెయ్యింట 5 మొదలు 10 వంతుల లోపల నిలుపవలెను. పిదప నూనెలో కలిపిన రెడ్ లెడ్‌ను పళ్లకు పూసి త్రిప్పి, ఆ ఎరుపు చెరగిన మచ్చ పంటి నడుమ పడినదో అంచున పడినదో పరికింపవలెను. అంచున పడినచో మరల విప్పుటయే.

అంబాసిడరు కారు యజమానికి ముందు ఇరుసు జోడు చూచు బాధ లేదు, దానిని లాగునవి వెనుక చక్రములే. కాని దానిని తయారుచేయు ఉత్తరపారా కార్ఖానా 2014 మేలో ఆగిపోవుటచే అతడును క్రమముగా పాతసామాను దుకాణము దారి పట్టవలసియున్నది. జీపు నిమిత్తము అదే దుకాణమున కెళ్లువాడు, రెండు ఇరుసులను ఒక్క బండినుండియే విప్పించి, కేసులతో సహా బేరమాడుకొనుట మేలు.