పట్టేదే గ్రహం

కోరాపుట్, రాయగడ జిల్లాల్లోని మన ఇళ్ళలో పసిపిల్ల ఆగకుండా ఏడిస్తే "ఏదో గ్రహం పట్టింది" అంటారు పెద్దోళ్ళు. ఆ పిల్లే పెద్దదై బడికెళ్తే, ఒడియా పుస్తకంలో "గ్రహ" అంటే సూర్యుని చుట్టూ తిరిగేది. ఈ రెండు అర్థాల్లో ఏది పాతది? ఇంట్లోదే.

సంస్కృతంలో "గ్రహ్" ధాతువుకి పట్టుకోవడమని అర్థం. సంగ్రహం, నిగ్రహం, గ్రహణం అన్నీ అందులోంచి వచ్చినవే. సుశ్రుత సంహిత చెప్పే తొమ్మిది బాలగ్రహాలు ఆకాశంలోవి కావు, పసివాళ్ళని పట్టి పీడించేవి. పట్టడమే లెక్క కాబట్టి నవగ్రహాల్లో సూర్యచంద్రులున్నారు, కంటికి కనబడని రాహుకేతువులున్నారు, భూమి మాత్రం లేదు. గ్రీకులు నడక చూసి "తిరుగాడేవి" అని పేరు పెట్టారు. ఇంగ్లీషు ప్లానెట్ అక్కడిదే. మనవాళ్ళు పట్టు చూసి పేరు పెట్టారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో భాగం. అందుకే ఇక్కడ రెండు భాషలూ పక్కపక్కనే వినబడతాయి, తేడా తెలుస్తుంది. మనం "గ్రహణం పట్టింది" అంటాం. ఒడియావాళ్ళు "గ్రహణొ లాగిలా" అంటారు. మన చెవికి అది "లాగింది" లాగా వినబడుతుంది గానీ, అర్థం అంటుకుంది, తగిలింది అని. తెలుగులో గ్రహణం పడుతుంది, శని పడుతుంది, దెయ్యం కూడా పడుతుంది. సంస్కృత ధాతువు ఎరగని ముసలమ్మ కూడా దాని అర్థాన్ని తెలుగు క్రియలో మళ్ళీ చెప్తోందన్నమాట.

ఆ మాట నోట్లో అరిగిపోయినా అర్థం పోలేదు. గ్రహచారం "గాచారం" అయ్యింది. "నా గాచారం ఇలా ఉంది" అనేవాళ్ళు ఆకాశం కేసి చూడరు, తమని పట్టుకున్న కష్టాన్ని చూపిస్తారు. నిఘంటువుల్లో గ్రహానికి "గాము" అనే వికృతి కూడా ఉంది.

ఇంకో సంగతి. తెల్లారుజామున కనబడే శుక్రుణ్ణి రైతు గ్రహం అనడు, "వేగుచుక్క" అంటాడు. ఒడియాలో అది "పాహాంతి తారా". రెండు పేర్లూ తెల్లవారే వేళ మీద పెట్టినవే. దారి చూపించేది చుక్క, పట్టి పీడించేది గ్రహం. పంచాంగం ఆ రెండూ ఒకటే అంటుంది గానీ, పల్లె మాటలో అవి వేరు.

గుళ్ళలోనూ తేడా ఉంది. ఒడిశా పాత గుళ్ళలో గ్రహాలు గుమ్మం పైకమ్మీ మీద వరసగా చెక్కి ఉంటాయి. భువనేశ్వర్ పరశురామేశ్వర గుడిలో కేతువు లేడు, ఎనిమిదే. తెలుగు గుళ్ళలో తొమ్మిదింటినీ ఒక అరుగు మీద నిలబెట్టి చుట్టూ ప్రదక్షిణం చేస్తాం. పట్టినవాణ్ణి వదలమని అడగాలంటే చుట్టూ తిరగాలి మరి.

ఒడియా బడిలో చదువుకునే మన పిల్లలకి "గ్రహం పట్టింది" అనేది మూఢనమ్మకంలాగే తోస్తుంది. నమ్మకం పోతే పోనీ, బాధ లేదు. ఆ "పట్టడం" పోతే మాత్రం, గ్రహానికి ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పే సాక్ష్యం మన ఇంట్లోంచి పోయినట్టే. అందుకే మన ఊళ్ళలో మనిషికి ఏవేవి "పడతాయో" పెద్దల్ని అడిగి ఇప్పుడే రాసి పెట్టుకోవాలి.