రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు: పార్కిన్సన్స్ గురించి ఏం చెబుతాయి? ఏం చెప్పలేవు?

షుగర్ ఉందో లేదో రక్త పరీక్షతో తేలిపోతుంది. థైరాయిడ్ సమస్య కూడా అంతే. పార్కిన్సన్స్‌కు మాత్రం అలాంటి మామూలు పరీక్ష ఇప్పటికీ లేదు. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ వ్యాధిని వర్ణించారు. రెండు శతాబ్దాలు దాటినా న్యూరాలజిస్టులు ఇప్పటికీ ప్రధానంగా రోగిని నడిపించి, వేళ్లు ఆడించమని, చేతులు వంచి చూసే నిర్ధారిస్తున్నారు.

ఇందులో ఒక చిక్కుంది. వణుకు, కదలికల్లో మందగమనం బయటపడే నాటికే మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు పెద్ద సంఖ్యలో నశించి ఉంటాయి. అందుకే వ్యాధిని ముందే పసిగట్టే గుర్తుల కోసం శాస్త్రవేత్తలు రక్తాన్ని జల్లెడ పడుతున్నారు. ఈ వెతుకులాటలో తరచూ వినిపించే మాట ఇన్‌ఫ్లమేషన్.

మెదడు జబ్బుకు, ఇన్‌ఫ్లమేషన్‌కు సంబంధమేంటి?

దెబ్బ తగిలిన చోట ఎర్రబడి, వాచి, వేడిగా అనిపిస్తుంది. అది శరీర రక్షణ వ్యవస్థ చేసే మరమ్మతు పని. పని పూర్తికాగానే ఆ వేడి చల్లారాలి. చల్లారకుండా నివురుగప్పిన నిప్పులా లోపలే రగులుతుంటే ఆరోగ్యంగా ఉన్న కణాలకూ ముప్పే.

మెదడులో కాపలా కాసేవి మైక్రోగ్లియా అనే కణాలు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన పాట్రిక్ మెక్‌గీర్ బృందం పార్కిన్సన్స్‌తో మరణించినవారి మెదళ్లను పరిశీలించింది. డోపమైన్ కణాలు నశించిన చోటే మైక్రోగ్లియా ఉద్రిక్త స్థితిలో ఉన్నట్లు 1988లో తెలిపింది. పార్కిన్సన్స్ రోగుల మెదడు కణాల్లో ఆల్ఫా-సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ గడ్డకడుతుంది. కొందరు రోగుల రక్తంలోని టీ కణాలు ఈ ప్రొటీన్ ముక్కలను శత్రువులుగా భావించి స్పందిస్తున్నాయని 2017లో అమెరికా పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో వెల్లడించారు. అంటే ఈ గొడవ మెదడుకే పరిమితం కాదు, దాని జాడ రక్తంలోనూ ఉంది.

రక్తంలో దేన్ని కొలుస్తారు?

మొదటివి సైటోకైన్లు. రక్షణ కణాలు ఒకదానికొకటి సందేశాలు పంపుకోవడానికి వాడే ప్రొటీన్లు ఇవి. ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, టీఎన్ఎఫ్ ఇందులో ముఖ్యమైనవి.

రెండోది సీఆర్పీ. ఇంటర్‌ల్యూకిన్-6 పంపే సంకేతంతో కాలేయం దీన్ని విడుదల చేస్తుంది. కోవిడ్ కాలంలో ఈ పేరు చాలా ఇళ్లకు పరిచయమైంది.

మూడోది తెల్ల రక్తకణాల లెక్క. మామూలు సీబీసీ రిపోర్టులో కనిపించే న్యూట్రోఫిల్స్, లింఫోసైట్ల నిష్పత్తిని చూస్తారు.

అప్పటివరకు జరిగిన 25 అధ్యయనాలను కలిపి విశ్లేషించిన ఒక పరిశోధన 2016లో ‘జామా న్యూరాలజీ’లో వచ్చింది. పార్కిన్సన్స్ రోగుల రక్తంలో పై సైటోకైన్లు, సీఆర్పీ సగటున ఎక్కువగా ఉన్నట్లు అది తేల్చింది.

ముందు నిప్పా, ముందు పొగా?

వ్యాధి వల్ల ఇన్‌ఫ్లమేషన్ పెరిగిందా, ఇన్‌ఫ్లమేషన్ వల్ల వ్యాధి వచ్చిందా? దీనికి జవాబు కావాలంటే వ్యాధి రాకముందు తీసిన రక్తం చూడాలి. అమెరికాలో ఆరోగ్య వృత్తుల్లో ఉన్న పురుషుల నుంచి సేకరించి దాచిన నమూనాలను ఇలాగే పరీక్షించారు. ఇంటర్‌ల్యూకిన్-6 ఎక్కువగా ఉన్నవారికి తర్వాతి కాలంలో పార్కిన్సన్స్ ముప్పు ఎక్కువని 2008లో తేలింది. సీఆర్పీకి మాత్రం అలాంటి సంబంధం కనిపించలేదు. లింఫోసైట్లు తక్కువగా ఉండటానికి, తర్వాత వచ్చే పార్కిన్సన్స్‌కు సంబంధం ఉందని 2021లో యూకే బయోబ్యాంక్ సమాచారం చూపింది. ఇవి సంబంధాన్ని చూపుతాయే తప్ప కారణాన్ని రుజువు చేయవు.

మరి ఒక్క పరీక్షతో ఎందుకు చెప్పలేం?

సగటు వేరు, మనిషి వేరు. వెయ్యి మంది రోగుల సగటు ఎక్కువగా ఉన్నా, వారిలో చాలామంది అంకెలు ఆరోగ్యవంతుల అంకెలతో కలిసిపోతాయి. పైగా జలుబు, చిగుళ్ల జబ్బు, కీళ్లవాతం, ఊబకాయం, పొగతాగడం వంటివన్నీ సీఆర్పీని పెంచగలవు. రక్తం తీశాక నమూనాను ఎంతసేపటికి వేరుచేశారన్న దానిపైనా సైటోకైన్ల అంకెలు మారతాయి.

మన ప్రాంతం వారికి ఇది మరింత ముఖ్యం. బ్రిటన్‌లోని భారత సంతతివారిలో సీఆర్పీ అక్కడి శ్వేతజాతీయుల కంటే 17 శాతం ఎక్కువగా ఉందని 2001లో ‘సర్క్యులేషన్’ పత్రికలో వచ్చిన అధ్యయనం తెలిపింది. పొట్ట చుట్టూ కొవ్వు, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఇందుకు ప్రధాన కారణాలని వివరించింది. అందువల్ల ఐరోపావాసుల అంకెలతో గీసిన గీతను హైదరాబాద్‌లోనో ఢాకాలోనో ఉన్న రోగికి అలాగే వర్తింపజేస్తే తప్పుదోవ పట్టే ప్రమాదం ఉంది.

అయితే ఇవి దేనికి పనికొస్తాయి?

వ్యాధిని పట్టుకోవడం కంటే, వ్యాధి ఎలా నడుస్తుందో అంచనా వేయడంలో ఇవి ఉపయోగపడవచ్చు. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్, కేంబ్రిడ్జ్ ప్రాంతాల్లో కొత్తగా వ్యాధి నిర్ధారణ అయినవారిని మూడేళ్లు గమనించారు. ఇన్‌ఫ్లమేషన్ గుర్తులు ఎక్కువగా ఉన్నవారిలో కదలికలు వేగంగా క్షీణించాయని 2016లో వెల్లడైంది.

రెండో ఉపయోగం మందుల ప్రయోగాల్లో. దీర్ఘకాలిక పేగువాపు జబ్బులున్నవారికి పార్కిన్సన్స్ ఎక్కువగా వస్తోందని, వారిలో టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందులు వాడినవారికి తక్కువగా వస్తోందని అమెరికా బీమా రికార్డుల ఆధారంగా 2018లో ఒక అధ్యయనం చెప్పింది. ఆశ కలిగించే మాటే. కానీ ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించే గుణమున్న షుగర్ మందు పియోగ్లిటజోన్‌ను పార్కిన్సన్స్ తొలి దశ రోగులపై ప్రయోగిస్తే ఫలితం లేదని 2015లో తేలింది. అందరికీ ఒకే మందు ఇచ్చి చూడటం కంటే, రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ స్పష్టంగా ఉన్నవారిని ఎంచుకుని ఇవ్వాలన్న వాదన ఇక్కడి నుంచే బలపడుతోంది.

రోగులు, కుటుంబాలు గుర్తుంచుకోవాల్సినవి

హెల్త్ ప్యాకేజీలో సీఆర్పీ ఎక్కువగా వచ్చిందని పార్కిన్సన్స్ వస్తుందేమోనని బెంగపడక్కర్లేదు. ముందు ఇన్ఫెక్షన్, షుగర్, గుండె వంటి కారణాలను డాక్టర్ చూస్తారు. అలాగే సీఆర్పీ మామూలుగా ఉందని లక్షణాలను కొట్టిపారేయకూడదు. ఒక చేయి వణకడం, నడిచేటప్పుడు ఒక చేయి ఊగకపోవడం, చేతిరాత చిన్నదైపోవడం, వాసన తెలియకపోవడం, నిద్రలో కేకలు వేస్తూ చేతులు విసరడం వంటివి ఉంటే న్యూరాలజిస్టును కలవాలి. ఇన్‌ఫ్లమేషన్ తగ్గిస్తాయన్న పేరుతో నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు సొంతంగా వాడితే కడుపు, కిడ్నీ, ఎముకలు దెబ్బతింటాయి. పార్కిన్సన్స్‌ను అవి ఆపుతాయనడానికి ఆధారం లేదు.