ఫౌంటెన్స్ మఠంలో పింఛను కథ

ఇంగ్లండు దేశంలో యార్క్‌షైర్ ప్రాంతాన, రిపన్ పట్టణానికి దగ్గరలో, స్కెల్ అనే చిన్న ఏటి ఒడ్డున ఫౌంటెన్స్ మఠం శిథిలాలు ఉన్నాయి. యార్కు నగరంలోని మఠంలో నియమనిష్ఠలు సడలిపోయాయని విడిచి వచ్చిన 13 మంది క్రైస్తవ సన్యాసులు 1132లో దీనిని స్థాపించారు. 1986లో ఇది ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది. మా అబ్బాయి ఉద్యోగరీత్యా ఆ దేశంలో ఉండడం వల్ల నాకు చూచే అవకాశం కలిగింది.

ఆ కాలపు ముతక ఉన్ని అంగీ తొడుక్కున్న గైడు మమ్మల్ని తిప్పి చూపాడు. అతడిది శ్రామిక సోదరుని వేషం. ప్రార్థనలు, చదువు సన్యాసుల వంతు. సేద్యం, గొర్రెల పెంపకం, మరపని ఈ సోదరుల వంతు. దాదాపు 300 అడుగుల పొడవున్న కమాను గిడ్డంగి నేటికీ నిలిచి ఉంది. దాని పై అంతస్తులోనే వారి పడక.

గుమాస్తాగిరీ చేసినవాణ్ణి గనుక నా మనసు లెక్కల మీదికి పోయింది. మఠానికి ముఖ్య ఆదాయం ఉన్ని. రాబోయే సంవత్సరాల ఉన్నికి కూడా ఇటలీ వర్తకుల వద్ద ముందే బయానా తీసుకునేవారు. గొర్రెలకు రోగం వచ్చేసరికి అప్పులు పెరిగాయి. 13వ శతాబ్దం చివరలో రాజే తన అధికారులను పెట్టి మఠం వ్యవహారాలు చూడవలసి వచ్చింది.

1539 నవంబరు 26న మఠం ఎనిమిదవ హెన్రీ రాజు పరమైంది. మనం గమనించవలసిన సంగతి ఇక్కడే ఉంది. సన్యాసులకు జీవితాంతం పింఛను మంజూరైంది. మఠాధిపతికి ఏటా 100 పౌండ్లు. సామాన్య సన్యాసులకు ఇంచుమించు 5, 6 పౌండ్లు. మఠాల ఆస్తుల కోసం 1536లో పెట్టిన ప్రత్యేక కార్యాలయమే ఈ చెల్లింపులూ చూసేది. పన్ను కోతలు, బకాయిలు అప్పుడూ ఉన్నాయి. అవసరం కొద్దీ పింఛను పత్రాలను తక్కువ ధరకు అమ్ముకున్నవారూ ఉన్నారు. చివరకు 1552లో ప్రభుత్వం దేశవ్యాప్తంగా విచారణ జరిపించింది. మూతపడిన మఠాలలోని మామూలు పనివారికి మాత్రం సాధారణంగా రావలసిన జీతం, కాస్త సొమ్ము చేతిలో పెట్టి పంపేవారు.

ఆ పింఛను రాజు దయ. మన పింఛను దయ కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సన్యాసి కన్నుమూస్తే పింఛను ఆగిపోయేది. మనకు కుటుంబ పింఛను ఉంది. కనుక సోదర పింఛనుదారులు తమ పి.పి.ఓ.ను భద్రపరచి, అందులో భార్య లేక భర్త పేరు, పుట్టినతేదీ సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలనీ, ఆ కాగితం ఎక్కడున్నదీ ఇంట్లోవారికి చెప్పి ఉంచాలనీ నా మనవి.