మా అంబాసిడర్ కింద రెండు పానాలు, నలభై ఏండ్ల చరిత్ర

ఈ ఎపిసోడ్ సగం నేను వీపు మీద పండుకునే చెప్తున్న. పైన మీకు కనిపిస్తున్నది 1994 మోడల్ అంబాసిడర్ పొట్ట.

ఇది మా బాపు బండి. ఒక ఆఫీసు వేలం వేస్తే సెకండ్ హ్యాండ్‌లో కొన్నడు. హుస్నాబాద్ నుంచి కరీంనగర్ దవాఖానకు పేషెంట్లు, వేములవాడకు మొక్కులోళ్లు, ఎండకాలం వస్తే పెండ్లికొడుకులు. మా చెల్లె, నేను చదువుకున్నది ఈ బండి కిరాయిల మీదనే. తొమ్మిదేండ్ల నుంచి యాప చెట్టు కింద నిలబడే ఉంది. మొన్న పాత ఇనుప సామాన్ల ఆయన వచ్చి కిలో లెక్కన బేరం పెడితే బాపు సరే అన్నడు. రెండు నెలలు ఆగు బాపూ, నేను నడిపించి చూపిస్త అన్న. "నువ్వు కంప్యూటర్ ఇంజనీరువు కదరా, దీనికి కీబోర్డు లేదు" అన్నడు.

ముందు ఒక మాట. ఇంట్ల పని చేసేటోళ్లు ఒక్క జాకీ మీద నమ్మకం పెట్టి బండి కింద దూరకండి. నేను నాలుగు దిక్కులా స్టాండ్లు పెట్టి, వాటి పక్కన లావు చెక్క దిమ్మెలు కూడా పెట్టిన.

అంబాసిడర్‌కు లారీ లెక్క విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే ఛాసిస్. కాబట్టి ఫ్లోర్‌కు, డోర్ల కింది పెట్టె భాగాలకు జంగు పట్టిందంటే అది అందం సమస్య కాదు, బండి నడుము విరిగినట్టే. మా దాంట్ల డ్రైవర్ సీటు కింద స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే బిస్కెట్ లెక్క లోపలికి పోయింది. విచిత్రం ఏందంటే, వెనుక హౌసింగ్ చుట్టూ జంగు తక్కువ. ఎందుకంటే అక్కడ ఇరవై ఏండ్లు ఆయిల్ కారింది! కాలిన ఆయిల్‌ను బండ్ల కింద పూసే మన పాత మెకానిక్‌ల పద్ధతి ఊరికే రాలేదు. జంగు మీదనే నల్ల కోటింగ్ కొట్టించేటోళ్లు మాత్రం ఆలోచించుకోవాలె. పైకి కొత్తగా కనిపిస్తది, లోపల తేమ చిక్కి తింటనే ఉంటది. నేను బ్యాటరీ విప్పి, పెట్రోల్ ట్యాంక్ దించి పక్కకు పెట్టి, చెడ్డ రేకు మంచి రేకు కనపడేదాకా కోపిచ్చిన. కొత్త రేకు వెల్డింగ్, దానిపైన రెడ్ ఆక్సైడ్, అన్నిటికన్నా చివర కోటింగ్. నీళ్లు పోయే బొక్కలు మూసుకుపోకుండా చూసుకున్న.

ఇగ అసలు కథ ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర మొదలైంది.

ఇంజన్, గేర్‌బాక్స్ విప్పుతుంటే పది, పన్నెండు, పద్నాలుగు నంబర్ పానాలు చక్కగ పట్టినయి. అదే పానా సెట్టు తీసుకొని వెనుక హౌసింగ్ కాడికి పోతే ఒక్కటి పట్టలే. ఒకటి లూజు, ఇంకొకటి ఎక్కదు. బాపు కుర్చీల కూసోనే అన్నడు, "అటు ఇంచుల పానా తీస్కో." అర ఇంచు, తొమ్మిది పదహారు. టక్కున పట్టినయి.

ఒకే బండిల రెండు కొలతలు ఎందుకున్నయి? ఇంజన్, ఐదు గేర్ల బాక్స్ జపాన్ ఇసుజు డిజైన్. వెనుక ఇరుసు మాత్రం ఇంగ్లాండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ది, 1950లలో గీసిన డిజైన్. హిందుస్థాన్ మోటార్స్ దాన్ని కలకత్తా పక్కన ఉత్తరపారాలో 1950ల చివర్ల నుంచి అంబాసిడర్ పేరుతో తయారు చేసింది. మార్క్ టూ, త్రీ, ఫోర్ అని ముందు గ్రిల్ మారింది, కింద అస్థిపంజరం మారలే.

మారాల్సిన అవసరమే రాలే. 1953లో టారిఫ్ కమిషన్, ఇక్కడే తయారు చేసే ప్లాన్ ఉన్న కంపెనీలే ఉండాలన్నది. ఫోర్డ్, జనరల్ మోటార్స్ సర్దుకొని పోయినయి. కార్లంటే ప్రధానంగ మూడు కంపెనీలు మిగిలినయి. కలకత్తాల అంబాసిడర్, బొంబాయిల ఫియట్, మద్రాసుల స్టాండర్డ్. ఎన్ని బండ్లు చేయాలన్నది లైసెన్స్ చెప్పేది. కొనేటోడు పైసలు కట్టి ఏండ్ల తరబడి ఎదురుచూసేది. వచ్చేదాకా ఆగే గిరాకీ ఉన్నంక ఇరుసు మార్చాలని ఎవరికి అనిపిస్తది?

ఇక్కడ నేనే ఒక తప్పు చేసిన. జపాన్ ఇంజన్ చూసి, ఇది పీవీ సంస్కరణలతో వచ్చింది అని స్క్రిప్ట్ కూడా రాసుకున్న. పీవీ మనోళ్లే కదా. 1921లో లక్నేపల్లిలో పుట్టిండ్రు, దత్తత వచ్చి పెరిగింది వంగరలో. వంగర మా హుస్నాబాద్ నియోజకవర్గంలదే. కానీ చదివితే తెలిసింది, ఇసుజుతో ఒప్పందం 80లలోనే అయ్యింది. 1983 డిసెంబర్‌లో సుజుకీతో కలిసి మారుతి 800 వచ్చినంక పాత కంపెనీలకు చెమటలు పట్టినయి.

పీవీ చేసింది వేరే. ప్రధాని అయినంక పరిశ్రమల శాఖ తన దగ్గరే పెట్టుకున్నరు. 1991 జులై 24న, మన్మోహన్ సింగ్ బడ్జెట్ పెట్టిన రోజే, కొత్త పారిశ్రామిక విధానం సభ ముందుకు వచ్చింది. చాలా పరిశ్రమలకు లైసెన్స్ ఎత్తేసిండ్రు. కానీ లైసెన్స్ ఉండాల్సిందే అని ఆపిన చిన్న లిస్టుల కార్లు కూడా ఉన్నయి! ఆ తాళం తీసింది 1993ల. దేవూ, ఫోర్డ్, హ్యుందాయ్ అన్నీ ఆ తర్వాత వచ్చినయే. మా బండి తయారైంది సరిగ్గా ఆ మరుసటి ఏడు. 2014 మే నెలల ఉత్తరపారాలో తయారీ ఆగిపోయింది.

అంబాసిడర్‌ను పీవీ చంపిండు అని మా బాపు దోస్తులు ఇప్పటికీ అంటరు. కింద పండుకొని చూసినోనిగా చెప్తున్న, నేను ఒప్పుకోను. 1994 బండిల 1950ల ఇరుసు ఉందంటే జబ్బు ఎప్పటిదో మీరే లెక్కేసుకోండి. అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలె. షాఫ్ట్ క్రాస్ అరిగిపోతే సికింద్రాబాద్ రాణిగంజ్‌కు పోయిన. దుకాణం ఆయన ఏ సంవత్సరం మోడల్ అని కూడా అడగలే, అంబాసిడరా అని డబ్బా తీసి ముందు పెట్టిండు. పదేండ్ల కింది నా ఫోన్‌కు బ్యాటరీ ఇయ్యమంటే ఎవడన్న ఇస్తడా? డిజైన్ మారకపోవుడే దాన్ని చంపింది. మారకపోవుడు వల్లనే నేను ఇంటి ముందు కూసోని బతికించుకోగలిగిన.

కమాన్ పట్టీలు విప్పి గ్రీజు పెట్టిన. క్లచ్ ప్లేట్, బ్రేక్ సిలిండర్ల రబ్బర్లు, హౌసింగ్ సీల్ కొత్తవి వేసిన. రెండు నెలలు అన్నది నాలుగు నెలలు పట్టింది. ఇంచు నట్లు అట్లనే ఉంచిన, అన్నీ మిల్లీమీటర్‌లకు మార్చు అని దోస్తులు చెప్పినా వినలే.

మొదటి ట్రిప్ వంగరకే పెట్టుకున్నం. స్టీరింగ్ బాపుదే. పోయేటప్పుడు ఒక్క మాట మాట్లాడలే, గేర్ మార్చినప్పుడల్లా కింది చప్పుడు వింటుండె. పీవీ ఇంటి ముందు బండి ఆపినం. నేను కెమెరా తీసి ఇల్లు షూట్ చేస్తున్న. వెనక్కి తిరిగి చూస్తే బాపు కనపడలే. ధోవతి పైకి దోపుకొని, మోకాళ్ల మీద కూసోని, హౌసింగ్ కింద చేయి పెట్టి చూస్తున్నడు.

"కారుతుందా బాపూ?"

"ఒక్క చుక్క" అన్నడు, వేలు నాకు చూపిచ్చుకుంట.