చింతపిక్కల లెక్క

ఇచ్ఛాపురంలో మా మామ్మ బడికి వెళ్లలేదు. నాకు భాగహారం నేర్పింది మాత్రం ఆవిడే, వామనగుంటల పీట మీద. ఏడేసి గుంటలు రెండు వరసలు. గుంటకు ఐదు చొప్పున 70 చింతపిక్కలు. ఆట ముగిశాక నా దగ్గర 43 ఉంటే ఎనిమిది గుంటలు నిండి మూడు మిగిలేవి. ఆవిడ 27తో ఐదు నింపి, రెండు ఒళ్లో వేసుకునేది. నిండని గుంట వదిలేసి మళ్లీ ఆడేవాళ్లం. శేషమంటే ఏమిటో పలక కంటే ముందు వేళ్లకు తెలిసింది.

ఇదే ఆట తమిళనాట పల్లాంగుళి. పుణ్యపాపాలు నేర్పే వైకుంఠపాళి అయితే 19వ శతాబ్దం చివరికి ఇంగ్లండు దాకా వెళ్లింది. నేను చదివిన బడిలో మాత్రం ఎక్కాల వల్లెవేతే తప్ప పీటకు చోటు లేదు. అది పెద్ద నష్టం.

2020 జాతీయ విద్యా విధానం ఆటలతో నేర్పమంది. మా ఉద్దానం ప్రాంతపు మాస్టార్లూ, మూడో తరగతిలో ఓ వామనగుంటల పీట పెట్టండి.