తెలుగు తెరపై ప్రేమకథ: కంచరపాలెము

 వ్యాకరణము బోధించి తల నెరసిన యీ పంతులు చలనచిత్రమును గూర్చి ప్రసంగించుటయా యని మీలో కొందరు నవ్వవచ్చును. నవ్వుచునే వినుడు. ఇండ్లలో సంబంధములు కుదుర్చువారమును, చెడగొట్టువారమును మనమే గదా!

1932లో 'భక్తప్రహ్లాద'తో తెలుగు చిత్రమునకు మాట వచ్చినది. తొలి యేండ్లలో పురాణకథలదే పైచేయి. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు 'మాలపిల్ల'ను తీసిరి. కథ గుడిపాటి వెంకటచలముగారిది. ఆలయ ధర్మకర్తయైన బ్రాహ్మణుని కుమారుడు హరిజన కన్యను ప్రేమించుట యందలి వృత్తాంతము. అంతకు ముందు తెరపై అడ్డు నిలిచినవాడు హిరణ్యకశిపుడు. ఇందు అడ్డు నిలిచినవాడు మన వీథిలోని పెద్దమనిషి.

పిమ్మట ప్రేమకథలు లెక్కకు మిక్కిలిగా వచ్చినవి. వానిలో అందమైన నాయకుడు, ధనికురాలైన నాయిక, పాటలు, పోరాటములు. వానిని వదలి ఎనుబది యేండ్లు దాటి వత్తము.

2018 సెప్టెంబరు 7వ తేదీన 'కేరాఫ్ కంచరపాలెం' విడుదలయ్యెను. దర్శకుడు వెంకటేశ్ మహా. నిర్మాత పరుచూరి ప్రవీణ, అమెరికాలో హృద్రోగ వైద్యురాలు. అందు ఒక పాత్రయు ధరించిరి. ఇది పెద్ద సంస్థ పూనుకొని తీసిన చిత్రము కాదు. తీయుట ముగిసిన పిదపనే దగ్గుబాటి రానాగారి చేయూతతో ప్రజల యెదుటికి వచ్చినది. పేరుమోసిన నటులు లేరు. విశాఖపట్టణములోని కంచరపాలెము వాసులే, ఎన్నడును ముఖమునకు రంగు పూసికొననివారు, 80 మందికి పైగా వేషములు కట్టిరి. విడుదలకు ముందే న్యూయార్కు భారతీయ చిత్రోత్సవమున అది ప్రదర్శింపబడెను.

కథానాయకుడు రాజు, 49 ఏండ్ల బ్రహ్మచారి, సర్కారు కచేరీలో బంట్రోతు. వాని పెండ్లి చింత వానికన్న పేటవారికే యెక్కువ. గుసగుసలు, ఎత్తిపొడుపులు! ఇది చూచి మనము కడుపుబ్బ నవ్వుదుము. అంతలో ఆ కచేరీకి రాధ యను ఒరియా స్త్రీ అధికారిణిగా వచ్చును. ఆమె వితంతువు, ఎదిగిన కుమార్తెకు తల్లి. వారిరువురి నడుమ చనువు పెరుగుచుండగా, నడుమ నడుమ మరి మూడు కథలు నడచును. సుందరమను బడిపిల్లవాడు సునీతను అభిమానించును. ఆమె తండ్రి పిల్లను దూరము పంపివేయును. జోసెఫు భార్గవి యను బ్రాహ్మణ కన్యను ప్రేమించును. ఆమె తండ్రి మాటకు లోబడి అన్యుని పెండ్లాడును. సారాయి దుకాణములో పనిచేయు గడ్డము అనువాడు సలీమా యను వేశ్యను పెండ్లాడ నిశ్చయించును. పెండ్లికి ముందే ఆమె ప్రాణము పోవును.

ఈ ముగ్గురును వేరువేరు మనుష్యులని నేనును భ్రమపడితిని. కడపట తెలియును: ముగ్గురును ఆ రాజే! పేర్లు మారినవి, వయస్సు మారినది, మనిషి యొక్కడే. మనము నవ్విన బ్రహ్మచారి వెనుక మూడు వియోగములు దాగియున్నవి. అయినను వాడు కసి పెంచుకొనలేదు. రాధ చేయి పట్టుకొనుటకు వానికి భయము లేకపోయినది.

భాష విషయమై ఒక మాట. పాత్రలు మాటాడునది విశాఖ వీథులలోని పలుకు. మొదట నా చెవికి ములుకులవలె తోచినది. ఒక గడియ గడచునప్పటికి దిద్దవలెనను బుద్ధియే పోయినది.

సునీత తండ్రిని చూచినప్పుడు నాకు నిద్రపట్టలేదు. నేనొక పాఠశాలలో పనిచేయుచున్న కాలమున ఒక బాలుడు తోటి బాలికకు వ్రాసిన చీటి నా చేతబడినది. దానిని తరగతిలో బిగ్గరగా చదివి, అక్షరదోషములు ఒక్కొక్కటిగా ఎత్తి చూపితిని. అందరును నవ్విరి. తొమ్మిది తప్పులు. మరునాడు ఆ బాలుడు బడికి రాలేదు. వాని తండ్రి వచ్చి, ఇక పొలము పనికి పంపెదనని చెప్పి, నాకు నమస్కరించి పోయెను. ఆ చీటిలోని తప్పులు నాకు నేటికిని జ్ఞాపకమున్నవి. అందేమి వ్రాసెనో మాత్రము జ్ఞాపకము లేదు.