వజ్రాపవర్తనము

భిన్నములను గుణించునపుడు పిల్లలు పై యంకెను, క్రింది యంకెను గీతలతో కొట్టివేయుట మన యిండ్లలో నెల్లరును చూచునదే. ఇది యింగ్లీషు చదువుతో వచ్చిన యుపాయమని పెక్కుమంది తలంపు. ఆ తలంపు సరికాదు. క్రీ. శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూట ప్రభువగు నమోఘవర్షుని కాలమున నుండిన జైనపండితుడు మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహమున దీనిని సూత్రముగ చెప్పి, వజ్రాపవర్తన విధియని పేర్కొనెను.

అపవర్తనమనగా రెండు సంఖ్యలను వానికి సామాన్యమైన భాజకముచే భాగించి చిన్నవి చేయుట. వజ్రశబ్దమున కిచ్చట ఐమూలగా నని యర్థము. ఆ కాలమున లవమును పైని, హారమును క్రిందను వ్రాయుచుండిరి. నడుమ గీత లేదు. రెండు భిన్నములను ప్రక్కప్రక్కన నుంచినచో నొకదాని లవమునకు రెండవదాని హారము ఐమూలగా నుండును. లవములను లవములతోను, హారములను హారములతోను గుణింపవలెనని 628లోనే బ్రహ్మగుప్తుడు చెప్పియుండెను. వీలున్నచోట ముందుగ నపవర్తనము చేయుమను మాట మహావీరుని సూత్రమున చేరినది.

ఆయన యుదాహరణములలో శొంఠి వంటి యంగడి సరకుల వెలలు కానవచ్చును. అట్టి లెక్క నొకదానిని మనమును కల్పించుకొందము. పలము మిరియముల వెల పణములో 14/15 వంతు. మనకు కావలసినది 25/28 పలము. ఊరక గుణించినచో 350/420 వచ్చును. ఈ రెంటికిని 70 సామాన్య భాజకమని కనుగొనుట శ్రమ. ముందుగ 14ను 28ని 14చేతను, 25ను 15ను 5చేతను భాగించినచో మిగులునవి 1/3, 5/2. ఫలము 5/6 పణము. నోటిలెక్కకు లొంగినది.

ఇది యెట్లు సాధ్యము? గుణనమున లవములన్నియు నొక్క గుణితము, హారములన్నియు నొక్క గుణితము. రెంటిని నొకే సంఖ్యచే భాగించినచో భిన్నపు విలువ మారదు. తుద చేయవలసిన పనిని మొదటనే చేయుచున్నాము, అంతియే.

ఈ కారణమును చెప్పక గీతలు మాత్రము నేర్పుట వలని కీడును మేము తరగతిలో పలుమారు చూచితిమి. 1/2కు 2/3 కలుపుమనగా బాలుడు రెండు 2లను కొట్టివేసి 4/3 అనును. నిజమైన ఫలము 7/6. కూడికలో నా గుణితములు లేవు గనుక నా గీతకు చోటు లేదు. తప్పు బాలునిది కాదు. హేతువును దాచి, ఆచారమును మాత్రము చేతికిచ్చిన మనది.

వంట, వైద్యము, సంగీతము, వాస్తువు మొదలగు వానియందెల్ల గణితము పూజ్యమని మహావీరుడు గ్రంథారంభమున చెప్పెను. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెనుగు పద్యములలోనికి తెచ్చి, సంస్కృతము రానివారికిని లెక్కను చేరువ చేసెను. 1912లో రంగాచార్యులవారు మూలమును ఇంగ్లీషు అనువాదముతో మదరాసున ప్రకటించిరి. ఇంత పూర్వ సంపద గలదని గర్వించుట సులభము. ఆడుపిల్లయైనను, మగపిల్లవాడైనను గీత గీయబోవునపుడు, "ఇది యేల?" యని యడుగనిచ్చి, బదులు చెప్పుట కొంత కష్టము. ఆ కష్టమునకు మన యిండ్లు సిద్ధపడిననాడే ఆ సంపద మనదగును.